నాటు తుపాకి, తపంచా: అడవి అంచున చౌక ఆయుధాలు

తక్కువ ఖరీదులో దొరికి, ఏళ్ల తరబడి మోటుగా వాడినా పనిచేస్తూ, పాడైతే ఊళ్లోనే బాగుచేసుకోగల తుపాకులు తెలుగు నేలమీద ప్రధానంగా రెండు రకాలు. ఒకటి భర్మార్ లేదా నాటు తుపాకి. పొడవాటి నునుపు గొట్టం, మూతిలోంచి మందూ గుళ్లూ కూరి పేల్చే పద్ధతి దీనివి. రెండోది తపంచా. జేబులోనో మొలలోనో దాచుకోగల పొట్టి తుపాకి ఇది. ఎక్కువగా ఒక్క తూటానే పడుతుంది. పేల్చాక తెరిచి ఇంకొకటి పెట్టుకోవాలి. పత్రికల్లోనూ పంచనామాల్లోనూ ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చట్టం కూడా చాలావరకు రెంటినీ ఒకే గాటన కడుతుంది. కానీ ఇవి బతికే తీరు వేరు, అదుపులోకి వచ్చే తీరూ వేరు. చౌక తుపాకి ఎన్నాళ్లు బతుకుతుందో దాని ఇనుమును చూసి చెప్పలేం. దానికి మేత ఎక్కడి నుంచి వస్తోంది, దానితో ఎవరికి ఏం పని పడుతోంది అన్నవి తెలిస్తేనే చెప్పగలం. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలతోనే విషయాన్ని పరిశీలిస్తుంది.

ఈ పరిశీలనకు తగిన చోటు ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దు. జూలూరుపాడు మండలం తల్లాడ నుంచి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినప్పుడు ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. కోయలు, లంబాడీలు ఎక్కువగా ఉండే ప్రాంతం. పత్తి చేలూ పోడు భూములూ అడవిని ఆనుకొని ఉంటాయి. అడవికీ చేనుకూ మధ్య గట్టి హద్దు లేని చోట అడవి పంది పంటను రాత్రికి రాత్రే తవ్విపోస్తుంది. రైతు మంచె మీద కావలి ఉండటం, డబ్బాలు కొట్టడం, చేను చుట్టూ పాత చీరలు కట్టడం ఇక్కడ ఏటా జరిగేవే. భర్మార్ పుట్టిందీ నిలిచిందీ ఇలాంటి అవసరం మీదనే. తపంచా కథ ఈ చేలల్లో మొదలైంది కాదు.

రెండు తుపాకులు, రెండు మేతలు

భర్మార్‌ను దగ్గరగా చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. కొయ్య పిడి పగిలితే తీగ చుట్టి బిగిస్తారు. గుర్రం స్ప్రింగు సడలితే కమ్మరి కొలిమి దాకా వెళ్తే చాలు. పేల్చడానికి ముందు మూతిలోంచి మందు పోసి, పీచో గుడ్డపేలికో దట్టించి, సీసపు గుళ్లు వేసి, మళ్లీ దట్టించాలి. ఇనుప కడ్డీతో కూరాక, వెనక చిన్న టోపీ పెట్టి గుర్రం ఎత్తితే తుపాకి సిద్ధం. ఇంతా చేస్తే ఒక్క దెబ్బ. వానలో మందు చెమ్మగిల్లితే ఆ ఒక్కటీ పేలదు. మళ్లీ కూరేలోపు పంది చేను దాటి పోతుంది. గురి ఎక్కువ దూరం నిలవదు. తుప్పు పట్టిన గొట్టంలో మందు ఎక్కువైతే చీలి, పట్టుకున్నవాడి చేతినే తీస్తుంది. ఇన్ని లోపాలున్నా తరాలు దాటి బతికిందంటే, దానికి కర్మాగారం తూటాతో పనిలేకపోవడమే కారణం. దానికి కావలసిన మేత కొలతకు లొంగనిది. దుకాణం మూస్తే, కోటా తగ్గిస్తే ఆగిపోయేది కాదు.

తపంచా సరిగ్గా దీనికి తలకిందులు. దాని గొట్టం నాటుదే, పిడి నాటుదే, కానీ మేత నాటుది కాదు. ఇత్తడి గొట్టం, అడుగున సరిగ్గా పేలే క్యాపు, కొలతకు తగిన గుండు అన్నీ కలిసిన తూటా కొలిమి దగ్గర తయారయ్యే వస్తువు కాదు. అందుకే తపంచా ఎంత చవకదైనా అధికారిక ఆయుధ వ్యవస్థ మీద ఆధారపడే బతుకుతుంది. లైసెన్సుదారుల కోటా నుంచో, దుకాణం లెక్కల్లోంచో, పోలీసు, సైనిక నిల్వల్లోంచో జారిన తూటా దాని కడుపు నింపాలి. ఇంకో తేడా, అది ఎక్కువ కాలం వాడటానికి చేసింది కాదు. గొట్టం ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుందో చేసినవాడికే తెలియదు. దాన్ని కొనేవాడికి కావలసింది దాచుకోవడం, దగ్గర నుంచి బెదిరించడం. పంట కాచే పనికి అది ఏమాత్రం పనికిరాదు. ఒకటి పొలం పనిముట్టు, రెండోది నేరానికి తోడు. రెంటికీ ఉన్న పోలిక, లైసెన్సు లేకపోవడం ఒక్కటే.

చరిత్ర చెప్పేది

తుపాకుల తయారీ తెలుగు ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీకి ఆ పేరు, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్ది చివర్లో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా వల్లనే వచ్చింది. అయితే అడవి జనం చేతికి తుపాకి చేరిన దారి వేరు. 1878 ఆయుధ చట్టంతో బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోవడం నేరమైంది. ఆ చట్టం గోదావరికి ఆవల, మద్రాసు ప్రెసిడెన్సీలోని భద్రాచలం ఏజెన్సీకి వర్తించింది. ఈవల పాల్వంచ, ఇల్లందు అడవులు నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లాలో ఉండేవి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసింది 1959లో. అంటే ఏటికి అటూ ఇటూ దశాబ్దాల పాటు రెండు పాలనలు, రెండు చట్టాలు నడిచాయి.

తూటా లేని తుపాకి గతి ఏమిటో రంప తిరుగుబాటు స్పష్టంగా చూపింది. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా దాడిచేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు ఆ దళం చేతిలో చనిపోయారు. ప్రభుత్వం వెంటనే మేలుకొంది. అక్టోబరులో దళం అడ్డతీగల ఠాణాకు వెళ్లేసరికి ఆయుధాలూ తూటాలూ అక్కడ లేవు, ముందే తప్పించేశారు. కొండలు తెలిసిన దళానికి దారులు తెలుసు, జనం అండ ఉంది. కొరవడింది కొత్త తూటా. 1924 మేలో సీతారామరాజు మరణించేదాకా పోరాటం సాగినా, మొదటి మూడు రోజుల్లో దక్కిన స్థాయిలో ఆయుధ సంపద మళ్లీ దక్కలేదు. ప్రభుత్వానికి అప్పుడు అక్కరకొచ్చింది తుపాకులను వెతకడం కన్నా తూటాలను అందకుండా చేయడమే.

బ్రిటిష్ పాలకులు ఈ పాఠాన్ని ఇనుములోనే పోతపోశారు. పోలీసులకు ఇవ్వడానికి .303 రైఫిల్‌ను .410 నునుపు గొట్టం మస్కెట్‌గా మార్చి ఇషాపూర్ కర్మాగారంలో తయారు చేయించారు. దాని తూటా .303 ఇత్తడి గొట్టం ఆధారంగా ప్రత్యేకంగా చేసింది. బజారులో దొరికే .410 వేట తూటా అందులో పట్టదు, సైన్యం వాడే .303 గుండూ దానికి పనికిరాదు. ఠాణా మీద పడి మస్కెట్ ఎత్తుకుపోయినవాడికి అది కొద్ది రోజుల్లో కర్రగానే మిగిలేలా చూశారన్నమాట. మోటు వాడకానికి తట్టుకునే చౌక ఆయుధాన్ని పోలీసులకు ఇస్తూనే, పరాయి చేతిలో అది బతకకుండా చేసిన ఏర్పాటు ఇది.

తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) మరో మెట్టు చూపిస్తుంది. మొదట్లో వడిసెలలు, బరిసెలు, కొద్దిపాటి భర్మార్లు తప్ప జనం దగ్గర ఏమీ లేవు. గడీల నుంచి, రజాకార్ల నుంచి గుంజుకున్న తుపాకులతో దళాలు బలపడ్డాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక దళాలు గోదావరి అడవుల వైపు జరిగాయి. పాల్వంచ, ఇల్లందు అడవులు వాటికి ఆశ్రయమయ్యాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ దళాలూ తపంచాలు, 12 బోర్ తుపాకులతో మొదలై పోలీసుల .303లకు, తర్వాత ఎస్‌ఎల్‌ఆర్‌లకు, ఏకే-47లకు మారాయి. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్, 2008 ఫిబ్రవరిలో నయాగఢ్ ఆయుధాగారాల మీద దాడులు ఆ క్రమంలోవే. మిలీషియా చేతిలో మాత్రం భర్మారే మిగిలింది. ఎదగాలనుకున్న ప్రతి దళమూ నాటు తుపాకిని వీలైనంత త్వరగా వదిలించుకోవాలనే చూసింది. అది యుద్ధానికి చాలదని వాడినవాళ్లకే అందరికన్నా బాగా తెలుసు.

చట్టం ఎక్కడ తడబడింది

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఇందులో రైతుకు పనికొచ్చే ఒక మాట ఉంది. పంట కాపలా కోసం నిజాయితీగా అడిగినవారికి మూతిలోంచి కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతుంది. అది చాలదని అధికారికి తోస్తే మరో రకం నునుపు గొట్టం తుపాకికీ ఇవ్వవచ్చు. అంటే భర్మార్ పనిముట్టేనని శాసనకర్తలు అప్పుడే గుర్తించారు. అదే చట్టం మరోచోట, పురాతనమై లేదా పాడైపోయి, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేని ఆయుధాన్ని నిబంధనల నుంచి మినహాయించింది. ఇక్కడ మరమ్మతు అన్న షరతు ముఖ్యం. అటక మీద తుప్పు పట్టిన తాతల నాటి తుపాకి ఇవాళ పేలకపోయినా, కమ్మరి బాగు చేయగలిగితే చట్టం కళ్లకు అది తుపాకే. అరిగిన ఆయుధం ప్రాణం మరమ్మతులో ఉందని చట్టమే ఒప్పుకున్నట్టయింది.

తడబాటు ఆ తర్వాత వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. అభయారణ్యం లోపల, దాని చుట్టూ 10 కిలోమీటర్లలో ఉండే లైసెన్సుదారులు అటవీ అధికారుల దగ్గర నమోదు చేసుకోవాలంది; కొత్త లైసెన్సుకు వారి సమ్మతి కావాలంది. పాల్వంచ వైపు కిన్నెరసాని అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లకు ఇది నేరుగా తగులుతుంది. అడవిని కాపాడటానికి ఈ నిబంధన అవసరమే. కానీ పంట కోసం తుపాకి ఇమ్మని ఒక చట్టం, దానితో జంతువును కొట్టవద్దని ఇంకో చట్టం చెబుతుంటే రైతు మధ్యలో చిక్కుకున్నాడు. 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు అధికారమిచ్చి, గుర్తింపు పొందిన షూటర్లతో అడవి పందులను కాల్పించే వెసులుబాటు కల్పించింది. తుపాకి రైతు చేతిలో ఉండనక్కర్లేదు, పని జరిగితే చాలన్న ఆలోచన ఇందులో ఉంది.

2019 సవరణ శిక్షలను పెంచింది. అక్రమ తయారీకి, అమ్మకానికి కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు. లైసెన్సు మీద ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు లేని మామూలు తుపాకి దొరికితే కనీస శిక్ష రెండేళ్లు. చేను కాచే భర్మార్ ఉన్న కోయ రైతూ, పట్టణంలో దారి దోపిడీకి తపంచా పెట్టుకు తిరిగేవాడూ ఈ మూడో నిబంధన ముందు ఒకటే. తేడా చూడటం న్యాయమూర్తి విచక్షణకు మిగిలింది.

చట్టబద్ధంగా చేతి తుపాకి కొనాలంటే మన దేశంలో చౌక అన్న మాటే లేదు. 1980ల మధ్య నుంచి పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. దాంతో లైసెన్సు మీద చేతులు మారే పాత వెబ్లీ రివాల్వర్ ఎంత అరిగినా విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమంటూ తెచ్చిన .32 రివాల్వర్ 'నిర్భీక్' బరువు అర కిలో, అప్పటి ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. రోజూ మోటుగా వాడుకునే చవక రివాల్వర్ చట్టం లోపల దొరకదు. ఆ ఖాళీని బిహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల అక్రమ కొలిములు నింపుతున్నాయి. ముంగేర్‌కు ఆయుధాల పని మీర్ ఖాసిం 1760లలో రాజధానిని అక్కడికి మార్చిన నాటిది. ఇక్కడి తపంచా అలాంటి సరఫరా కొసన ఉంటుంది. భర్మార్‌కు ఆ సరఫరాతో సంబంధమే లేదు.

బయటి ప్రపంచంలో

చౌకదనాన్ని చూసి నిషేధించిన దేశం అమెరికా. 1968 తుపాకుల నియంత్రణ చట్టం చవక పొట్టి పిస్తోళ్ల దిగుమతిని ఆపింది. ఫలితంగా అలాంటివి దేశంలోనే తయారుచేసే పరిశ్రమ లేచింది. 1970లో కాలిఫోర్నియాలో మొదలైన రేవెన్ ఆర్మ్స్ జింకు మిశ్రమంతో పోతపోసిన పిస్తోళ్లను అమ్మింది. కొన్ని రాష్ట్రాలు తక్కువ వేడికే కరిగే లోహంతో చేసిన పిస్తోళ్లను నిషేధించి చూశాయి. లోహాన్ని కొలిచారు గాని అవసరాన్ని కొలవలేదు. తుపాకీ తూటా రెండూ సులువుగా దొరికే చోట ఒక రకాన్ని ఆపితే ఇంకో రకం వచ్చి కూర్చుంటుంది. దీనికి ఎదురుగా 1942లో అమెరికా సైన్యం చేయించిన లిబరేటర్ పిస్తోలు ఉంది. సుమారు పది లక్షలు తయారైన ఆ రేకు పిస్తోలు ఒక్కోటి రెండు డాలర్ల పైచిలుకు ఖరీదు. పెట్టెలో పది తూటాలు ఉండేవి. శత్రువును దగ్గర నుంచి కాల్చి అతని మంచి తుపాకి తీసుకోవాలన్నది ఉద్దేశం. తపంచాతో మొదలైన దళం .303కు ఎక్కిన తీరు దీనికి దగ్గరిదే.

అభ్యంతరాలు

ఈ తేడా చూపడం వల్ల భర్మార్‌కు సమర్థన దొరుకుతుందని ఒక అభ్యంతరం వస్తుంది. మావోయిస్టు మిలీషియాల చేతిలో అవే ఉన్నాయి కదా, గురి తప్పి మనుషులు చనిపోయిన కేసులూ ఉన్నాయి కదా అంటారు. రెండూ నిజమే. కానీ 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల ఆపరేషన్ తర్వాత కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్పుకున్నవాటిలో దళం ఆయుధాలు తయారుచేసే స్థావరాల ధ్వంసం ఒకటి. తయారీ, మరమ్మతు ఒకచోట చేరితే ముప్పు పెరుగుతుంది. అటక మీది విడి భర్మార్ ఆ స్థాయిది కాదు. దాన్ని తప్పించాలంటే శిక్ష భయం లేకుండా ఠాణాలో అప్పగించే గడువు, పంట నష్టానికి త్వరగా అందే పరిహారం, పందుల బెడద తీర్చే షూటర్ల ఏర్పాటు మూడూ కలవాలి.

పాత తుపాకి ఎలాగూ అరిగిపోతుంది, దానికోసం విధానం ఎందుకన్నది రెండో అభ్యంతరం. 1878 నుంచి చూస్తే ఇది నిలవదు. చట్టాలు మారాయి, పాలకులు మారారు, భర్మార్ మిగిలింది. ఒకవేళ అది తగ్గినా అవసరం తగ్గదు. తుపాకి లేని చోట చేను చుట్టూ దొంగ కరెంటు తీగ వెలుస్తోంది. తీగకు పందీ మనిషీ తేడా తెలియదు. రాత్రి పొలానికి వెళ్లిన పక్క రైతు దానికి బలైన ఘటనలు తెలుగు జిల్లాల్లో మళ్లీ మళ్లీ వింటున్నాం. ఆయుధాన్ని తీసేసి అవసరాన్ని వదిలేస్తే వచ్చేది అంతకన్నా గుడ్డి ఆయుధం.

తూటాల లెక్కతో తపంచా ఆగుతుందా, ఖాళీ తూటాలను మళ్లీ నింపుకోరా అన్నది మూడోది. కొందరు ఆ ప్రయత్నం చేస్తారు కూడా. అయినా పేలే క్యాపు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కర్మాగారం గుమ్మమే తొక్కాలి. పైగా తూటా ఒక్కసారే పేలుతుంది, తుపాకి వెయ్యి చేతులు మారుతుంది. ఖర్చయ్యే సరుకును పట్టుకోవడమే తేలిక. లైసెన్సు పుస్తకంలో రాసిన కొనుగోళ్లను దుకాణం నిల్వతో, ప్రభుత్వ ఆయుధాగారాల ఖాతాలతో సరిపోల్చడం సోదాల కన్నా నిదానమైన పని, పత్రికల్లో ఫొటో పడని పని. ఫలితం మాత్రం దానికే ఎక్కువ.

అందుకే పట్టుబడిన నాటు తుపాకుల సంఖ్య ఒక్కటే చూసి జిల్లా భద్రతను అంచనా వేయడం సరికాదు. ఆ సంఖ్యలో భర్మార్లు ఎన్ని, తపంచాలు ఎన్ని, వాటితో దొరికిన తూటాలు ఏ నిల్వ నుంచి జారాయి అన్నవి విడదీసి నమోదు చేస్తేనే అర్థం ఉంటుంది. భర్మార్ లెక్క పెరిగితే వ్యవసాయ, అటవీ శాఖలు జవాబు చెప్పాలి. తూటా లెక్క తప్పితే ఆయుధ దుకాణాలూ ఆయుధాగారాలూ జవాబు చెప్పాలి. ఈ రెండు బాధ్యతలను ఒకే సెక్షన్ కింద పోలీసుల నెత్తిన వేసినంత కాలం చేను కాచే రైతు జైలుకు వెళ్తాడు, తపంచాకు తూటా అందుతూనే ఉంటుంది.